అమ్మకోపం నుంచి అనుమతి

ఆస్పత్రుల దుప్పట్లు ఉతికే ఆ పెద్ద లాండ్రీలో ఆమెను అందరూ తాళాలమ్మ అనేవారు. నిజానికి ఆమె దగ్గర ఇంటి తాళంచెవి తప్ప మరో తాళంచెవి ఉండేది కాదు. కానీ ఎవరి కంప్యూటరు తెరుచుకోవాలి, ఎవరి ఫోనులో ఆఫీసు లెక్కలు కనబడాలి, ఏ యంత్రం ఎవరి వేలిముద్రకు కదలాలి అన్నది ఆమె బల్ల దగ్గరే తేలేది. పాస్‌వర్డు మరిచిపోయిన రోజున మేనేజరంతటివాడు కూడా ఆ బల్ల ముందు చేతులు కట్టుకుని నిలబడేవాడు. అలా నిలబడ్డవాణ్ణి ఇంకాసేపు నిలబెట్టడం తాళాలమ్మకు మహా ఇష్టం. మనలో మాట, ఆ ఉద్యోగంలో జీతం కాక ఇంకేదైనా సుఖముందంటే అదొక్కటే.

హెడ్డాఫీసు నుంచి ఆడిటరు వస్తున్నాడని, వచ్చేలోగా డైరెక్టరీ శుభ్రం కావాలని కబురు వచ్చింది. డైరెక్టరీ అంటే మరేం కాదు, లాండ్రీ కంప్యూటర్లలోకి ఎవరెవరు రావచ్చో, వచ్చి ఏమేం చేయవచ్చో రాసుకున్న పేర్ల పట్టిక. ఊళ్ళో ఆస్పత్రులన్నిటి మరకలూ వదిలించే ఆ లాండ్రీ, తన పట్టికను మాత్రం పుట్టిన దగ్గర్నుంచి ఒక్కసారి కూడా ఉతుక్కోలేదు. తాళాలమ్మ కొంగు బిగించింది.

చెయ్యి పెట్టాక గానీ మురికి సంగతి తెలియలేదు. ఇస్త్రీ విభాగం మేస్త్రీ ఒక్కడికే బోలెడు ఖాతాలున్నాయి. పాస్‌వర్డు మరిచిపోయినప్పుడల్లా ఈమె ముందు నిలబడడం నామోషీ అనిపించి, చాటుగా కొత్త ఖాతా పుట్టించుకునేవాడట. కిందటేడు గుండెపోటుతో పోయిన స్టోరుకీపరు ఖాతా చెక్కుచెదరకుండా ఉంది. అతని పుట్టినరోజున కంప్యూటరు తనంతట తానే అందరికీ కబురు పంపితే, సగంమంది "నిండు నూరేళ్ళు చల్లగా ఉండండి" అని జవాబులు కూడా పెట్టారు. అందరికంటే ముందు పెట్టింది మేనేజరు.

తాళాలమ్మ రెండు నియమాలు రాసి మీటింగు గది గోడకు అంటించింది. ఆఫీసు పనికి వాడే ప్రతి ఫోనూ, ప్రతి కంప్యూటరూ తన మనిషితో సహా ఆమె బల్ల దగ్గరికి రావాలి. ఆమె మనిషినీ ఫోనునూ మార్చి మార్చి చూసి, వేలిముద్ర వేయించి, ఫోను వీపున ఆకుపచ్చ చీటీ అంటిస్తుంది. చీటీ లేనిదానికి లాండ్రీలో చోటు లేదు. ఇక రెండోది: ఎవరి ఖాతా తీసేసినా, వాళ్ళ పని ఇకమీదట ఎవరు చేస్తారో అక్కడే పేరు రాయాలి, రాయలేకపోతే ఆ పని తీసేసినవాళ్ళ నెత్తినే పడుతుంది. వెనకెప్పుడో ఒక గుమాస్తా ఖాతాను ఎవరో ఊరికే తీసేస్తే సబ్బుపొడి ఆర్డర్లు ఆగిపోయాయి. దుప్పట్లను వట్టి వేడినీళ్ళలో జాడించి పంపాల్సి వచ్చింది. ఆ కోపంతో రాసిన వాక్యం అది. రాసి, రెండుసార్లు చదువుకుని, తనకు తానే భేష్ అనుకుంది.

ఇక ఆ బల్ల ముందు సంతే సంత. క్యాషియరు కాలిక్యులేటరు పట్టుకొచ్చి, రేపు తనను ఎవరూ తప్పుపట్టకుండా దీనికీ ఒక చీటీ పడేయమన్నాడు. ఉతుకుడు యంత్రాల దగ్గర పనిచేసేవాడు తన ఫోనుతోపాటు భార్య ఫోను కూడా తెచ్చాడు. తన ఫోను ఎప్పుడూ ఆవిడ చేతిలోనే ఉంటుందట, అసలు యజమాని ఎవరో అమ్మగారే తేల్చాలట. తాళాలమ్మ కసిరింది, నవ్వింది, చీటీలు అంటించింది. ఒక్కటంటే ఒక్క ఖాతా తాలూకు ఫోను మాత్రం ఆమె బల్ల దగ్గరికి రాలేదు. ఆ ఖాతా పేరు "బాయిలర్-1".

ఆ ఖాతా ఇంజనీరుదని తాళాలమ్మ అనుకుంది. మేనేజరుదని ఇంజనీరు అనుకున్నాడు. మేనేజరును అడిగితే "ఎవరిదో ఒకరిది, పనిచేస్తోందిగా" అని వేరే ఫైలు తెరిచాడు. ఆయన అంత తొందరగా ఫైలు తెరవడం ఆమె అంతకుముందు చూడలేదు. అప్పుడే అనుమానించి ఉండాల్సింది. అనుమానించలేదు.

ఆఫీసులో ఇంత అధికారం చెలాయించే మనిషి ఇంట్లో ఎలా ఉండేదంటారా? ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అని పెద్దలు ఊరికే అనలేదు. భర్త బడిపంతులు, ఇంట్లో నోరు విప్పడానికి బద్ధకించే మనిషి. కూతురు హైస్కూలు చదువు. పరీక్షల ముందు తల్లి ఫోను లాక్కుందని అలిగి, ఆ పిల్ల ఇంటి వైఫైకి "అమ్మకోపం" అని పేరు పెట్టింది. దాని పాస్‌వర్డు "తగ్గదు". లాండ్రీ మొత్తం చేత పాస్‌వర్డులు మార్పించిన తల్లి, ఇంట్లో ఆ ఒక్కటి మార్పించలేక చెప్పీ చెప్పీ ఊరుకుంది.

మిగిలింది మామగారు. ఆయన అదే లాండ్రీలో బాయిలర్ సూపర్‌వైజరుగా పనిచేసి మూడేళ్ళ కింద రిటైరయ్యాడు. ఆయన దిగిపోయిన కొన్నాళ్ళకే కోడలు అక్కడ చేరింది. ఆయనకు ఒక మాట ఊతపదంలా ఉండేది. "నేను లేకపోతే బాయిలర్ వెలగదు" అనేవాడు. భోజనాల దగ్గర ఆ మాట వచ్చిందంటే చాలు, మనవరాలు పొలమారేలా నవ్వేది. కొడుకు పళ్ళెంలోకి చూస్తూ నవ్వేవాడు. అందరికంటే ఎక్కువ నవ్వేది కోడలే. ఆ లాండ్రీలో ఏది ఎవరి చేతిలో ఉందో ఆమెకంటే తెలిసినవాళ్ళెవరు? "అవును మామయ్యా, పాపం బాయిలర్ మీమీద బెంగపెట్టుకుని చిక్కిపోయింది" అనేది. ఆయన కూడా నవ్వేవాడు. కాస్త ఆలస్యంగా నవ్వేవాడు.

హాల్లో కిటికీ అంచున మడతపెట్టిన జేబురుమాలు మీద ఒక పాత ఫోను ఉండేది. ఆఫీసువాళ్ళు ఆయనకిచ్చినదే, మూల పగిలింది. దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు. తెల్లవారకముందే లేచి, దానిముందు కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. పొరుగూరికి వెళ్ళి ఒక్క రాత్రి పడుకుని ఎరగడు. ఆయన కూతురు సముద్రం పక్క ఊళ్ళో ఉంటుంది. ఏటా అందరూ అక్కడికి వెళ్తే ఆయన మాత్రం "నాకు పనుంది" అని ఇంట్లోనే ఉండిపోయేవాడు. రిటైరైన మనిషికి పనేమిటని అందరూ దారిపొడవునా నవ్వుకునేవారు. వయసు మీదపడితే అంతేలే అని కోడలు సర్దిచెప్పేది.

ఫోన్లకు చీటీలంటించే ఆ రోజుల్లో ఒక సాయంత్రం ఆయన ఆమె దగ్గరికి వచ్చి, పాత ఫోన్లు కూడా చూస్తున్నారా అని నెమ్మదిగా అడిగాడు. ఆమె ఉల్లిపాయలు తరుగుతోంది, కళ్ళు మండుతున్నాయి. "రిటైరైనవాళ్ళ గొడవ మాకెందుకు మామయ్యా, వాళ్ళ పేర్లు ఎప్పుడో తుడిచేశాం" అంది. ఆయన ఏదో అనబోయి, మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయాడు.

ఆడిటరు వచ్చాడు. సన్నగా, మర్యాదగా, మాట్లాడేముందు గొంతు సవరించుకునే మనిషి. మీటింగు గదిలో గోడమీద డైరెక్టరీ మొత్తం వెలిగించాడు. కిందనించి వచ్చే ఆవిరికి ఆ గదిలో గోడలు ఎప్పుడూ చెమర్చినట్టుంటాయి. పేర్లన్నీ తడిమీద వణుకుతున్నాయి. పట్టిక ఇంత శుభ్రంగా ఉన్న శాఖను తాను చూడలేదని మెచ్చుకున్నాడు. తాళాలమ్మ వినయంగా తల వంచుకుంది, చెవులు మాత్రం రిక్కించే ఉంచింది. అప్పుడాయన ఒక్క వరుస దగ్గర ఆగాడు.

బాయిలర్-1. బాయిలర్ వెలిగించే ముందు ఒక బాధ్యతగల మనిషి ఫోను మీద వేలుపెట్టి అనుమతి ఇవ్వాలి. ఇవ్వకపోతే బర్నరు అంటుకోదు, ఆవిరి పుట్టదు, లాండ్రీ కదలదు. ఆ అనుమతి ఆదివారం తప్ప రోజూ తెల్లవారకముందే వస్తోంది. బాగానే ఉంది. కానీ అది ఇచ్చే ఫోను ఈ ఆవరణలోనే లేదన్నాడు ఆడిటరు. బయటివాళ్ళెవరో మూడేళ్ళుగా మీ బాయిలర్ వెలిగిస్తున్నారన్నమాట అన్నాడు.

"ఫోను ఏ వైఫై మీద ఉందో పేరు కనబడుతోంది," ఆడిటరు గొంతు సవరించుకున్నాడు. "అమ్మకోపం. ఇదెక్కడుందో ఎవరికైనా తెలుసా?"

గదంతా ఘొల్లుమంది. ఇంజనీరు బల్ల చరిచి నవ్వాడు. ఎవరో ఆ కోపం మాయింట్లో కూడా ఉందన్నారు. మేనేజరు ఒక్కడే నవ్వకుండా గ్లాసులో లేని నీళ్ళు తాగాడు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఏమిటో తాళాలమ్మకు ఆ క్షణాన తెలిసింది. లాండ్రీలో దొంగ ఫోన్లు పట్టే మనిషి ఇంట్లోనే దొంగ ఫోను. ఈ సంగతి బయటపడితే ఉద్యోగం ఉంటుందా? గుమ్మడికాయల దొంగ అనకముందే భుజాలు తడుముకోబోయి, తమాయించుకుని, కనుక్కుని చెబుతానంది.

మర్నాడు మామగారికంటే ముందే లేచి, దీపం వేయకుండా వంటింటి గుమ్మంలో నిలబడింది. ఆయన వచ్చి కుర్చీ వేసుకున్నాడు. తలవెంట్రుకలు తడిపి దువ్వుకున్నాడు, ఉతికిన చొక్కా తొడుక్కున్నాడు. తన సొంత ఫోనులో బాయిలర్ గదికి చేశాడు. అక్కడ పనిచేసేవాణ్ణి అందరూ నిప్పులాయన అంటారు. నీళ్ళున్నాయా, గేజీ చూశావా అని ఈయన అడిగాడు. చూశానని అవతలివాడు చెప్పినట్టున్నాడు. ఈయన మరో మాట అడగలేదు. కిటికీ అంచున ఫోను వెలిగింది. బొటనవేలు ఆనించాడు. ఆ వెలుగులో ఆయన కళ్ళనిండా నీళ్ళు మెరిశాయి.

ఆ నీళ్ళు చూసి కోడలి మనసు నీరైపోయింది. పాపం, ముప్పైయేళ్ళు వెలిగించిన చెయ్యి. నలుగురూ వెర్రివాణ్ణి చేసి నవ్వుతున్నా, ఆయనన్నది అక్షరాలా నిజం. ఆయన లేకపోతే బాయిలర్ వెలగదు. నవ్విన నోరు ఎవరిది? తనదే. ఆమెకు సిగ్గేసింది. ఆ వేలు ఆనించడం కోసమే ఈ మనిషి లేస్తున్నాడు, తల దువ్వుకుంటున్నాడు, బతుకుతున్నాడు అనుకుంది. అది లాగేసుకుంటే ఏమైపోతాడు? ప్రాణం పోయినా లాగనివ్వకూడదని నిశ్చయించుకుంది.

అంతే, పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ ఆడనంత పెద్ద అబద్ధం ఆడిటరు ముందు ఆడింది. అది ఆపత్కాలానికి దాచిన ఫోను అంది. లాండ్రీలో మంటలు లేచినా, కరెంటు పోయినా, బాయిలర్ పగ్గాలు చేతిలో ఉండాలని ముందుచూపుతో బయట భద్రమైన చోట ఉంచామంది. ఆడిటరు కలం ఆపి ఆమెవైపు చూశాడు. చూసి, ఇంత ముందుచూపు ఏ శాఖలోనూ లేదని, మిగతా శాఖలన్నీ ఇలా ఒక్కో ఫోను బయట పెట్టుకోవాలని రాస్తానని అన్నాడు. మేనేజరు వెంటనే అందుకుని, ఆ ఏర్పాటు తన హయాంలోనే జరిగిందని చెప్పుకున్నాడు. తేలు కుట్టిన దొంగ అరుస్తాడా?

అయితే ఆడిటరు ఆడిటరే. ఆ ఫోనునూ, దాన్ని కాపాడుతున్న మనిషినీ శుక్రవారం తీసుకొచ్చి చీటీ అంటించమన్నాడు. నియమం అమ్మగారిదే కదా అన్నాడు.

ఆమె బుర్ర పాదరసంలా పనిచేసింది. మామగారిని జీతం లేని సలహాదారుగా రాయిస్తే? పట్టికలో మళ్ళీ పేరుంటుంది, ఫోనుకు ఆకుపచ్చ చీటీ ఉంటుంది, తన ఉద్యోగానికీ ముప్పుండదు. మేనేజరు కాదనలేడు, ఇప్పుడది ఆయన ముందుచూపు కదా. ఇంత మంచి కోడలు లోకంలో ఉంటుందా అనుకుంటూ ఇంటికి నడిచింది. భర్త, కూతురు ఇంకా రాలేదు. మామగారు హాల్లో గోళ్ళు తీసుకుంటున్నాడు. ఆమె ఎదురుగా కూర్చుంది.

"మామయ్యా, ఆ కిటికీ దగ్గరి ఫోను సంగతి తెలిసింది నాకు."

ఆయన చెయ్యి ఆగింది. "తెలిసిందా? తీసేస్తున్నారా?"

ఆమె కుర్చీ ముందుకు లాక్కుంది. "తియ్యనివ్వను. మీరేం దిగులు పెట్టుకోకండి. సలహాదారని రాయించి అది మీకే ఉండేలా చేస్తున్నాను. మీరున్నంతకాలం మీరే నొక్కుకోవచ్చు."

"ఉన్నంతకాలమా?"

"ఉన్నంతకాలం."

ఆయన గోళ్ళు తీసే కత్తెర బల్లమీద పెట్టి, కుర్చీలో వెనక్కి వాలిపోయాడు.

"అమ్మాయ్, నేను నీకేం అపకారం చేశానమ్మా?"

అప్పుడు బయటపడింది అసలు కథ. రిటైరైన రోజున ఫోను తిరిగిచ్చేయబోతే, కొత్త మనిషి వచ్చేదాకా ఉంచండని మేనేజరు అన్నాడు. కొత్త మనిషి రాలేదు. వస్తాడా ఎక్కడైనా? ఆ బొటనవేలు ఆనించినవాడిదే పూచీ. ఏదైనా పేలితే మెడ వాడిదే. అందుకని ఇంజనీరు అది మేనేజరు పనన్నాడు, మేనేజరు ఇంజనీరు పనన్నాడు, మధ్యలో పిల్లి మెడలో గంట ఈయన ఇంటి కిటికీలో వేలాడుతూ ఉండిపోయింది. మూడేళ్ళుగా తెల్లవారుజామున నిద్రపోలేదన్నాడు. కూతురింటికి వెళ్ళలేదు, సముద్రం చూడలేదు. ఈ ఇంట్లో తప్ప ఇంకెక్కడా ఆ ఫోను పనిచేయకుండా అప్పట్లోనే కట్టేశారట. నేను లేకపోతే బాయిలర్ వెలగదని అన్నది గొప్ప కోసం కాదు, మొర పెట్టుకోవడం. ఎవరైనా ఆ మాట పట్టుకుని, అదేమిటి, ఎందుకు అని అడుగుతారేమోనని రోజూ అన్నాడు. అందరూ నవ్వారు.

"మరి పొద్దున మీ కళ్ళలో నీళ్ళు..." అంది ఆమె.

"ఆవులింతలమ్మా."

"మానెయ్యకపోయారా మామయ్యా, ఎవరు కొడతారు?"

ఆయన కిటికీవైపు చూశాడు. "నువ్వు చేరిన రోజు మేనేజరు నా భుజం తట్టి, కోడలు మన దగ్గరే చేరింది కదా, ఇంకొన్నాళ్ళు సర్దుకోండి అన్నాడు. ఆ మాటకు అర్థమేమిటో నేనడగలేదు. నేను మానేస్తే నీకేమవుతుందోనని భయం."

"నేను పరీక్ష రాసి తెచ్చుకున్నానండీ నా ఉద్యోగం!"

"నాకెవరు చెప్పారమ్మా ఆ సంగతి?"

ఆమెకు నిలువునా మంటెత్తింది. మేనేజరు మీద ఎత్తింది, తన మీద తనకు ఎత్తింది. తనకోసం ఈయన మూడేళ్ళు నిద్ర చంపుకున్నాడు. ఈయనకోసం తాను ఉద్యోగాన్ని పణంగా పెట్టి అబద్ధమాడింది. ఇద్దరూ ఒకే ఇంట్లో, ఒకే బల్ల దగ్గర భోంచేస్తూ, ఒకరికోసం ఒకరు ఎవరికీ అక్కర్లేని బాయిలర్‌ను మోశారు. ఏడుపు రావాలో నవ్వు రావాలో తెలియక రెండూ వచ్చాయి. "మిమ్మల్ని శుక్రవారమే తీసేస్తాను మామయ్యా" అంది. అంత ప్రేమగా ఆ మాట ఆమె ఎవరితోనూ అనలేదు. ఆయన లేచి, ఆమె తలమీద చెయ్యి పెట్టి, లోపలికి వెళ్ళి సంచీ దుమ్ము దులిపాడు.

శుక్రవారం మామగారు ఇస్త్రీ చొక్కాతో, చేతిలో పగిలిన ఫోనుతో మీటింగు గదిలోకి వచ్చాడు. ఆపత్కాలపు ఫోనును ఇన్నాళ్ళు జాగ్రత్తగా కాపాడినందుకు ఆడిటరు లేచి నమస్కరించాడు. మేనేజరు ఇంకా గట్టిగా నమస్కరించాడు. అయితే రిటైరైన మనిషి పేరు పట్టికలో ఉండడానికి వీల్లేదని ఆడిటరు చెప్పకముందే, తీసేస్తున్నానని తాళాలమ్మ తానే అంది. సలహాదారు ఊసు ఎత్తలేదు. ఖాతా తెరిచింది, తీసెయ్యి అన్నచోట నొక్కింది. మామగారు గోడమీద తన ఖాతా మాయమయ్యేదాకా చూసి, గట్టిగా ఊపిరి వదిలాడు. చెప్పులు విప్పేసిన మనిషిలా అనిపించాడు.

ఆ వెంటనే గోడమీద ఒక ప్రశ్న వెలిగింది. ఈ పని ఇకమీదట ఎవరిది?

తాళాలమ్మ ఇంజనీరు పేరు కొట్టబోయింది. తనకు బదిలీ ఉత్తర్వులు ఏ క్షణమైనా రావచ్చని, మధ్యలో చేతులు మారితే ప్రమాదమని ఆయన చెప్పాడు. ఆ బదిలీ ఆయన చేరిన నాటినుంచీ ఏ క్షణమైనా వస్తూనే ఉంది. మేనేజరువైపు చూసింది. తనకు బీపీ ఉందని, తెల్లవారుజామున లేవకూడదని డాక్టరు ఖండితంగా చెప్పాడని మేనేజరు చెప్పాడు. ఇస్త్రీ మేస్త్రీ తనకసలు ఖాతాయే లేదన్నాడు, ఈమధ్యనే అమ్మగారు అన్నీ తీసేశారు కదా అన్నాడు. క్యాషియరు కాలిక్యులేటరు జేబులో దాచుకున్నాడు. అందరూ కప్పువైపు చూశారు. కప్పుమీద ఆవిరి చుక్కలు కట్టి ఉంది.

ఆడిటరు లేచి, గోడకంటించిన నియమాల దగ్గరికి వెళ్ళి, కళ్ళజోడు సవరించుకుని రెండోది పైకి చదివాడు. పేరు రాయలేకపోతే ఆ పని తీసేసినవాళ్ళ నెత్తినే పడుతుంది. "అమ్మగారూ, చాలా బాగా రాశారు," అన్నాడు.

గదిలో అందరి ముఖాలూ ఒక్కసారిగా వికసించాయి. ఎప్పుడూ ఒక మాటమీద నిలబడని శాఖ ఆరోజు ఏకగ్రీవంగా ఉంది. ఆమె బొటనవేలే ఫోనుకు నేర్పించారు. ఆమె చేతనే దానికి ఆకుపచ్చ చీటీ అంటింపజేశారు. తాను తీసిన గోతిలో తాను పడితే కనీసం ఏడవడానికైనా వీలుంటుంది, అందరూ చప్పట్లు కొడుతుంటే అదీ కుదరదు. ఫోను ఎక్కడ ఉంచాలని అడిగింది. ఇప్పుడున్న భద్రమైన చోటే ఉంచమన్నాడు ఆడిటరు.

ఇంటికి వెళ్ళేదారిలో మామగారు ఇంటి మలుపు దగ్గర ఆగి, తనలో తాను అనుకుంటున్నట్టు చెప్పాడు. "అది మోగేముందు ఒకసారి వణుకుతుందమ్మా. ఆ వణుకుకే లేచెయ్యి. మోగనిచ్చావంటే పిల్ల లేస్తుంది, చదువుకుని ఆలస్యంగా పడుకుంటుంది కదా."

మూడేళ్ళలో ఆ ఫోను మోగడం ఇంట్లో ఎవరూ వినలేదు. అప్పటిదాకా ఆ సంగతే ఆమెకు తట్టలేదు. సరే మామయ్యా అంది.

మర్నాడు ఆ వణుకుకే లేచింది. చీకట్లో కుర్చీ తడుముకుని కూర్చుంది. మామగారి గదిలోంచి గురక వినిపిస్తోంది. ఆయన గురకపెడతాడని ఇంట్లో ఎవరికీ తెలియదు, అంత గాఢంగా ఆయన ఈమధ్య ఎన్నడూ నిద్రపోలేదు మరి. నిప్పులాయనకు ఫోను చేసింది. ఆడగొంతు విని అతను తడబడి, పెద్దాయన ఒంట్లో బాగాలేదా అని కంగారుపడ్డాడు. నిద్రపోతున్నారంది. "నిద్రే!" అన్నాడతను నమ్మలేక. నీళ్ళున్నాయా, గేజీ చూశావా అని అడిగింది. చూశానన్నాడు. గేజీ అంటే ఏమిటో, దాంట్లో ఏం చూడాలో ఆమెకు ముక్క తెలియదు. ఆవులించింది. కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. బొటనవేలు ఆనించింది.

వారం గడిచింది. ఆడిటరు నివేదిక వచ్చింది. ఆ శాఖలో ప్రతి ఖాతాకూ ఒక మనిషి, ప్రతి మనిషికీ ఒక ఫోను, ప్రతి ఫోనుకూ ఒక చీటీ ఉన్నాయని, ఇది మిగతావాళ్ళకు ఆదర్శమని రాశాడు. మేనేజరు దాన్ని అద్దం కట్టించి తన గదిలో పెట్టుకున్నాడు.

బడికి సెలవులిచ్చారు. ఆడపడుచు సముద్రం దగ్గరికి రమ్మని కబురు చేసింది. ఈసారి అందరికంటే ముందు సంచీ సర్దుకున్నది మామగారే. చెప్పులు కూడా కొత్తవి కొన్నాడు. రేపే ప్రయాణం. రాత్రి భోజనాల దగ్గర అమ్మ సంచీ ఏదని కూతురు అడిగింది. భర్త కూడా పళ్ళెంలోంచి తలెత్తి చూశాడు.

"నేను రాను," అంది తాళాలమ్మ. "నాకు పనుంది. నేను లేకపోతే బాయిలర్ వెలగదు."

కూతురు పొలమారేలా నవ్వింది. "అచ్చం తాతయ్యలాగే అంటోంది చూడు నాన్నా" అంది. భర్త పళ్ళెంలోకి చూస్తూ నవ్వాడు. తాను ఎంత బాగా నవ్వేదో ఆమెకు గుర్తొచ్చింది.

మామగారు మాత్రం నవ్వలేదు. చెయ్యి కడుక్కుని వచ్చి, ఆమె పక్కన నిలబడి, మిగతావాళ్ళకు వినబడకుండా చెప్పాడు.

"ఆదివారాలు ఎలాగూ వెలిగించరు కదమ్మా. ఆ రోజు పడుకో. నాకెప్పుడూ పట్టలేదు గానీ, నీకు నిద్ర పట్టొచ్చు."